ముప్పై ఆరున్నర

మా అన్నయ్య డ్యూటీలో నిద్రపోయాడని ఫారం యజమాని అన్నాడు. నిద్రపోలేదని అన్నయ్య అన్నాడు. ఇంట్లో మేమిద్దరం, అంటే నేనూ వదినా, యజమాని మాటే నమ్మాం. పైకి అనలేదు గానీ నమ్మాం. అన్నయ్య నిద్ర సంగతి మాకు తెలియనిది కాదు. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోతాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక కునుకు తీసి, లేచి, వదిలేసిన మాటను వదిలేసిన చోటే అందుకుంటాడు. అలాంటివాడు రాత్రంతా ఒక పెట్టె ముందు కళ్లు తెరుచుకుని కూర్చున్నానంటే ఎవరు నమ్ముతారు?

ఆ ఫారంలో నిప్పుకోళ్లను పెంచుతారు. పేరులో నిప్పు ఉంది గానీ, గుడ్డులో ఉన్నంతకాలం దానికి అర డిగ్రీ వేడి ఎక్కువైనా పడదు. గుడ్లను యంత్రంలో పెట్టి నలభై రెండు రోజులు పొదిగించాలి. వేడి ముప్పై ఆరున్నర డిగ్రీల దగ్గర నిలబడాలి. గంటకోసారి థర్మామీటరు చూడటం, తగ్గితే మర తిప్పి వేడి పెంచడం, పెరిగితే తగ్గించడం, పుస్తకంలో రాయడం అన్నయ్య పని. పదకొండేళ్లు చేశాడు. ఆ అంకె మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. పెళ్లైన కొత్తలో వదినకు జ్వరం వస్తే థర్మామీటరు చూసి, "ముప్పై ఎనిమిది, గుడ్డయితే ఈపాటికి పోయేది" అన్నాడట. వదిన ఆ మాటను ఇప్పటికీ దెప్పుతుంది.

కిందటి సీజనులో ఫారానికి కొత్త యంత్రం వచ్చింది. అందులో నూట ఇరవై గుడ్లు పెడితే పద్నాలుగు పిల్లలు వచ్చాయి. మిగతా నూట ఆరూ లోపలే పోయాయి. యజమాని పొట్టి మనిషి, పైగా నడుం నొప్పి. ఎక్కడికెళ్లినా చేతిలో ఒక చిన్న స్టూలు ఉంటుంది. ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున చెప్పాపెట్టకుండా వచ్చి, స్టూలు వేసుకుని యంత్రం ముందు కూర్చుని చూశాడు. థర్మామీటరు ముప్పై ఏడు దాటి ఉంది. పుస్తకం చూస్తే రాత్రంతా ముప్పై ఆరున్నర, ముప్పై ఆరున్నర, ఒకే కలంతో, ఒకే వాలుతో. అన్నయ్య కుర్చీ పక్కన మడత పెట్టిన దుప్పటి. ఇంకేం కావాలి? రాత్రంతా పడుకుని, లేచి, అంకెలన్నీ ఒక్కసారిగా రాసేశాడని తేల్చాడు. ఆ పేజీల మీద ఎర్ర కలంతో అడ్డంగా గీత కొట్టాడు. పద్నాలుగు పిల్లలూ వచ్చిన రోజున లెక్క చూసుకుని అన్నయ్యను ఇంటికి పంపేశాడు.

దుప్పటి కాళ్లకు చలేసి కప్పుకున్నదని అన్నయ్య చెప్పాడు. ఎవరూ వినలేదు. అప్పటిదాకా తోటి పనివాళ్లు తనను నిచ్చెన అని పిలిచేవారు, ఆ రోజు నుంచి కుంభకర్ణుడు అన్నారు.

నిచ్చెన అనడంలో అబద్ధం లేదు. మా ఇంట్లో ఏ గుమ్మం దగ్గరా వంగకుండా పోలేడు. వంగడం మరిచిపోయిన ప్రతిసారీ నుదురు కొట్టుకునేది. అమ్మ బతికి ఉన్నప్పుడు ఆ బొప్పి మీద అరచెయ్యి పెట్టి రుద్దుతూ, "ఎంత ఎదిగినా ఒదిగి ఉండాలిరా" అనేది. లోకానికి అది వినయం గురించిన మాట. అమ్మ మాత్రం గుమ్మం గురించే అనేది.

రెండు నెలలు అన్నయ్య ఇంట్లో కూర్చున్నాడు. వేరే పని వెతుక్కోమని వదిన అంది, నేనూ అన్నాను. ఒకరోజు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫారానికి వెళ్లి యజమానిని ఆరు గుడ్లు అడిగాడు. ఇంట్లో పొదిగిస్తాననీ, పిల్లలొస్తే తనకు పని చేతకాక కాదని ఒప్పుకోవాలనీ అన్నాడు. యజమాని చెడ్డవాడేం కాదు. సీజను చివరి గుడ్లు ఆరు బుట్టలో పెట్టి ఇచ్చాడు. సగం పిల్లలైతే మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. సగం అంటే మూడు.

పాత బీరువా చెక్కలతో అన్నయ్య పెట్టె చేశాడు. లోపల రెండు బల్బులు, ఒక చిన్న ఫ్యాను, వేడి పెంచి తగ్గించే మర, ముందు గాజు తలుపు. వదిన బట్టలు కుట్టే ముందు గదిలో, కుట్టుమిషను పక్కన నేల మీద పెట్టాడు. అంతా ఫారంలో గుడ్లు పొదిగించే హేచరీలో ఉన్నట్టే ఉండాలని పట్టు. థర్మామీటరును కూడా అక్కడ ఉన్నట్టే గుడ్ల అర పక్కన, తన తొడ ఎత్తులో తగిలించాడు. దాన్ని తెచ్చిచ్చింది నేనే. నేను బడిలో సైన్సు ల్యాబు అటెండర్ని. వెడల్పాటి చెక్క మీద అంకెలు రాసి, ముందు గాజు గొట్టం బిగించిన పాత రకం థర్మామీటరు ఒకటి మా ల్యాబు బీరువాలో పడి ఉంటే, హెడ్మాస్టరుకు చెప్పి తెచ్చాను. మంచుముక్కల్లో పెట్టి చూపించాను. సరిగ్గా సున్నా చూపించింది.

ఆ ల్యాబులో పన్నెండేళ్లుగా నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట ఒకటే. "కన్ను గీతకు ఎదురుగా పెట్టు." పైనుంచి చూస్తే ఒక అంకె, కింది నుంచి చూస్తే ఇంకో అంకె కనిపిస్తుంది. ఎదురుగా చూస్తేనే నిజం. పిల్లలు వినరు. నిలబడి ఓ చూపు విసిరి రాసేస్తారు. వాళ్ల మెడలు వంచి చూపించడానికే జీతమిస్తున్నారని నేను అనుకుంటూ ఉంటాను.

ఒక్కో గుడ్డు చిన్న బొప్పాయంత ఉంది, మీగడ రంగు, బత్తాయి తొక్కలాంటి సన్న గుంటలు. ప్రతి గుడ్డు మీదా ఒక పక్క పెన్సిలుతో గీత, ఇంకో పక్క సున్నా పెట్టాడు. రోజుకు మూడుసార్లు చేతులు కడుక్కుని గీత పక్క నుంచి సున్నా పక్కకు తిప్పుతాడు. ఒకటి ఆమ్లెట్టు వేస్తే వీధందరికీ సరిపోతుందని వదిన అంటే, ఆ మాట గుడ్లకు వినపడే దూరంలో అనవద్దన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

ఈసారి ఎవరూ వేలెత్తి చూపకూడదని పుస్తకంలో నాలుగు రంగుల కలాలతో రాసేవాడు. ప్రతి అంకె పక్కనా సాక్షిగా వదిన సంతకం. వదిన థర్మామీటరు వైపు చూసేది కాదు. అన్నయ్య ముప్పై ఆరున్నర అనగానే కుట్టుమిషను మీద నుంచి ఒక చెయ్యి తీసి సంతకం చేసి మళ్లీ కుట్టుకునేది. చూడకుండా ఎలా పెడతావని అడిగితే, "మీ అన్నయ్యను కట్టుకున్నప్పుడు కూడా చూడకుండానే సంతకం పెట్టా" అంది.

పద్నాలుగో రోజు గది కిటికీలకు దుప్పట్లు కట్టి, టార్చి వెలుగులో గుడ్లు చూశాడు. నాలుగింటిలో నల్లటి నీడ కనిపించింది. రెండింటిలో ఏమీ లేదు. ఆ రెండూ పెరట్లో పూడ్చాడు. ఇక నాలుగింటిలో మూడు రావాలి. సీజను చివరి గుడ్లలో రెండు పోవడం మామూలేనని చెప్పాడు. మాకు చెబుతున్నట్టు చెప్పాడు గానీ తనకే చెప్పుకుంటున్నాడు.

ఇరవై రెండో రోజు బడికి ఒంటిపూటే. నేను ఇంటికి వచ్చేసరికి వదిన బట్టలివ్వడానికి వెళ్లింది, అన్నయ్య బల్బు కొనడానికి వెళుతూ, పది నిమిషాలు పెట్టె చూస్తూ ఉండమన్నాడు. వదిన పారేసుకున్న గుండీ ఒకటి పెట్టె కింద కనిపిస్తే తీద్దామని గొంతుక్కూర్చున్నాను. తలెత్తితే థర్మామీటరు ముఖానికి ఎదురుగా ఉంది. ముప్పై ఏడు దాటి రెండు గీతలు.

బల్బు వేడెక్కిందనుకుని మర తగ్గించబోతుండగా అన్నయ్య వచ్చాడు. చూడమన్నాను. నిలబడే, గాజులోంచి కిందికి చూసి, "ముప్పై ఆరున్నరే కదే, రాసెయ్" అన్నాడు. చెప్పులు విప్పడానికి పెరట్లోకి పోయాడు. నేను వదిన కుర్చీ ఎక్కాను. అన్నయ్య ఎత్తు నుంచి చూశాను. ముప్పై ఆరున్నర. దిగి గొంతుక్కూర్చున్నాను. ముప్పై ఏడు మీద రెండు. మళ్లీ ఎక్కాను. మళ్లీ దిగాను.

అప్పుడు అర్థమైంది. పాత యంత్రంలో థర్మామీటరు ఎక్కడుండేదని అన్నయ్యను పెరట్లోకి వెళ్లి అడిగాను. తలుపు పైభాగాన, సరిగ్గా కళ్ల ముందే ఉండేదనీ, కొత్త యంత్రం చేసినవాళ్లు తెలివి ఉపయోగించి గుడ్ల పక్కన కింద పెట్టారనీ చెప్పాడు. పదకొండేళ్లు కళ్ల ముందు ఉన్నది ఒక్కసారిగా తొడ దగ్గరికి దిగింది. అన్నయ్య పైనుంచి చూశాడు, తక్కువ కనిపించింది, మర పెంచాడు. స్టూలు మీద కూర్చున్న యజమానికి ఎదురుగా నిజం కనిపించింది. ఇద్దరూ చూసిందే చెప్పారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు.

నిద్రపోయినవాడి చెయ్యి మర మీదికి పోదు. రాత్రంతా మెలకువగా ఉండి, గంట గంటకూ జాగ్రత్తగా చూసి, జాగ్రత్తగా పెంచి, ఆ నూట ఆరు గుడ్లనూ మా అన్నయ్యే ఉడికించాడు.

ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. కారణం గొప్పదేం కాదు. ఇంకా ఇరవై రోజులున్నాయి, మనిషి ఇప్పుడు కుప్పకూలితే ఆ నాలుగు గుడ్లూ పోతాయనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నువ్వు నిద్రపోలేదు అని చెప్పాలంటే ఇన్నాళ్లూ నేను నమ్మలేదని ఒప్పుకోవాలి. పిల్లల మెడలు వంచే నేను, ఇంట్లో మనిషిని ఒక్కసారి ఎదురుగా చూడలేదు. సిగ్గేసింది.

అందుకని మోకాళ్ల నొప్పులు తెచ్చుకున్నాను. నాలుగు రోజులు బడికి సెలవు పెట్టి మధ్యాహ్నం గుడ్లు తిప్పే పని నేను చేస్తాననీ, నేల మీద వంగలేననీ, పెట్టెను వదిన బట్టలు కత్తిరించే పొట్టి బల్ల మీద పెడదామనీ అన్నాను. హేచరీలో అలా ఉండదని అన్నయ్య గొణిగాడు. బల్ల ఇచ్చేసి నేను నెత్తి మీద కత్తిరించుకోనా అని వదిన అడిగింది. ఇద్దరినీ ఒప్పించేసరికి నాకు నిజంగానే మోకాళ్లు నొప్పి పుట్టాయి. పెట్టె బల్ల ఎక్కింది. అన్నయ్య దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. థర్మామీటరు సరిగ్గా కళ్లకు ఎదురుగా వచ్చింది.

"చూశావా, కదిపేసరికి ముప్పై ఏడు దాటింది" అని నన్ను తిట్టి, మర తగ్గించాడు. ఆ తిట్టు నాకు హాయిగా ఉంది.

ముప్పై తొమ్మిదో రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపేశాడు. నలభై రెండో రోజు పొద్దున ఒక గుడ్డులోంచి గొంతు సవరించుకుంటున్నట్టు చిన్న గురక వినిపించింది. కోడిపిల్లలా ముక్కుతో పొడవడం వీటికి రాదట, కాలితో తన్ని, మెడతో నెట్టి పగలగొట్టుకోవాలట. పదింటికి మొదటి పిల్ల వచ్చింది. తడిసిన చీపురులా ఉంది. మధ్యాహ్నానికి రెండోది. సాయంత్రం టార్చి పెట్టి చూస్తే నాలుగో గుడ్డులోని నీడ కదలడం లేదు. అది ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. బల్ల ఎక్కక ముందేమోనని నాకు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక మూడో గుడ్డు మిగిలింది. దాని పెంకు మీద జుట్టంత పగులు వచ్చి ఆగిపోయింది. లోపలి నుంచి గురక వస్తూ ఉంది, ఆగుతూ ఉంది. కాస్త పెంకు తీసి సాయం చెయ్యమని వదిన అంది. ఆమె కూడా కుట్టు ఆపి వచ్చి నిలబడింది. లోపల పచ్చసొన ఇంకా కడుపులోకి పోకముందే పెంకు తీస్తే పిల్ల చచ్చిపోతుందని అన్నయ్య చెప్పాడు. చెప్పి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర దాకా అలాగే ఉన్నాడు. ఒక్క కునుకు తీయలేదు. తొమ్మిదిన్నరకు పెంకులోంచి ఒక కాలు బయటికి వచ్చింది, రెండు లావుపాటి వేళ్లతో. వదిన ఏడ్చింది. అన్నయ్య గడియారం చూసి టైము రాశాడు, పక్కన సంతకానికి పుస్తకం ఆమెకు ఇచ్చాడు. ఆ సంతకం మాత్రం ఆమె చూసే పెట్టింది.

ఆదివారం యజమాని స్టూలుతో సహా వచ్చాడు. పెట్టె ముందు కూర్చుని మూడు పిల్లల కాళ్లూ, బొడ్లూ చూశాడు. పుస్తకం తిప్పాడు. తృప్తిగా తలాడించి, సోమవారం పనిలోకి రమ్మన్నాడు. లేస్తూ లేస్తూ, "ఈసారి నిద్రపోలేదన్నమాట" అన్నాడు.

అన్నయ్య తల వంచుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. యజమాని మీద కాదు. ఆయన అన్నది మేం ఇన్నాళ్లూ అనుకున్నదే.

యజమానిని వీధి చివరి దాకా సాగనంపి వచ్చి, అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. పిల్లలు అట్టపెట్టెలో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. వాటిని చూస్తూ మెల్లగా అన్నాడు.

"నిజంగానే నిద్రపోయానేమోనే, చెల్లాయ్. అందరూ అంటుంటే నాకూ అలాగే అనిపిస్తోంది. చూశాననుకున్నవి కలలో చూశానేమో."

ఇక ఆగలేకపోయాను. రేపు ఆ యంత్రం ముందు మళ్లీ అలాగే నిలబడతాడు. ఖాళీ పెట్టెను బల్ల మీద నుంచి దించి నేల మీద, పాత చోటే పెట్టాను. లోపల బల్బు ఇంకా వెలుగుతోంది, మరను మునుపు ఉన్న చోటి దాకా పెంచి, వేడెక్కేదాకా ఆగాను. నిలబడి చదవమన్నాను.

"ముప్పై ఆరున్నర."

మోకాళ్ల మీద కూర్చుని చదవమన్నాను. నా వెర్రికి విసుక్కుంటూనే కూర్చున్నాడు. అంత మనిషి మడత పడటానికి కొంచెం సేపు పట్టింది. చూశాడు. లేచి నిలబడి చూశాడు. మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. మూడుసార్లు లేచి కూర్చున్నాడు. మూడోసారి లేవలేదు.

ఎప్పుడు తెలిసిందని అడిగాడు. ఇరవై రెండో రోజని చెప్పాను. నా మోకాళ్ల నొప్పి సంగతీ చెప్పాను. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. గాజు తలుపు మీద అరచెయ్యి పెట్టి, ఆ గీతను ఇంకోసారి చదివాడు.

"అంటే నేను నిద్రపోలేదు" అన్నాడు.

"పోలేదు అన్నయ్యా."

వంటగది గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య ఆమె వైపు తిరిగి అదే మాట ఇంకోసారి చెప్పాడు, లెక్క అప్పజెప్పినట్టు. ఆ తరువాత ముఖం వాడిపోయింది. నూట ఆరు, అన్నాడు.  

సోమవారం అట్టపెట్టెలో పిల్లలతో సహా ఫారానికి బయల్దేరాడు. యజమానికి చెప్పకుండా ఊరుకుంటే సరిపోతుంది కదా, ఇప్పుడు తెలిసింది కాబట్టి వంగి చూసుకుంటే చాలదా అని వదిన అడిగింది. పుస్తకంలో ఎర్ర గీత అలాగే ఉందన్నాడు. గుమ్మం దగ్గర మరిచిపోకుండా వంగి వెళ్లాడు.

సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చాడు. చెప్పులు విప్పుకుని, మంచినీళ్లు తాగి, అప్పుడు చెప్పాడు. యజమానిని యంత్రం ముందు స్టూలు మీద కూర్చోబెట్టి చదవమన్నాడట. ఆయన ముప్పై ఏడన్నాడు. తను నిలబడి ముప్పై ఆరూ చిల్లర చదివాడట. ఆయన నమ్మలేదు. మళ్లీ కట్టుకథ మొదలుపెట్టావా అన్నాడట. అప్పుడు అన్నయ్య, "నా ఎత్తు నుంచి ఒక్కసారి చూడండి సార్" అన్నాడట.

"చూశాడా?" అంది వదిన.

"స్టూలెక్కాడు. నడుం నొప్పి కదా, నేనే పట్టుకుని ఎక్కించా."

చాలా సేపు పైనుంచి చూశాడట. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడట. పనివాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారట.

"ఏమన్నాడు?"

"దిగాలి, చెయ్యి పట్టుకో అన్నాడు."

వదిన ఇంకా ఏదో ఉంటుందని ఎదురు చూసింది. అన్నయ్య అప్పటికే కుర్చీలో తల వెనక్కి వాల్చి నిద్రపోయాడు. గురక కూడా మొదలైంది. నేను వెళ్లి దుప్పటి తెచ్చి కాళ్ల మీద కప్పాను.